నన్ను కాదని వాడికిచ్చిన పాప

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, ఆళ్లగడ్డలో బంధువుల పెళ్లి చూసుకుని, నంద్యాల స్టేషన్లో గుంటూరు బండి కోసం కూర్చున్నాం. బండి ఆలస్యం. ఆరేళ్ల మా వాడు బెంచీలెక్కి దూకుతూ, రెండుసార్లు ప్లాట్‌ఫారం అంచుదాకా పరుగెత్తాడు. బెదిరించాను, బతిమాలాను, మరమరాలు కొనిపెట్టాను. వినలేదు.

ఎదుట కూర్చున్న ఒక రైతు ఇల్లాలు లేచి, వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, నిద్రపోతున్న తన చంటిపాపను తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.

"కదిల్తే లేస్తాది నాయనా. బద్రంగా పట్టుకో. నీళ్లు తాగొస్తా."

మా వైపు పిల్లల్ని ఊరుకోబెట్టడానికి తాయిలం ఇస్తాం, బిడ్డనివ్వం. కంగారుపడి చేతులు చాచాను.

"నువ్వొద్దులేప్పా. ఆ పిల్లోడు ఉండాడు గదా!"

వాడు ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ బిగుసుకుని కూర్చున్నాడు. చూస్తే ఆమె నీళ్లకు పోనేలేదు. స్తంభం పక్కన నిలబడి మమ్మల్నే గమనిస్తోంది. బండి కూత వినబడ్డాకే వచ్చి పాపను తీసుకుని, "నా తండ్రే" అంటూ వాడి తల నిమిరింది. నా వైపు చూడనైనా లేదు.

ఆమె నాకు సాయం చేసిందో, అవమానించిందో ఇప్పటికీ తెలియదు. నలుగురు తమ్ముళ్లను ఎత్తుకుని పెంచినవాణ్ణి. నా ఒళ్లో పెడితే ఆ పాప ఏడ్చేదా?