జహ్రా చెక్‌పోస్టులో నల్లమల

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌తో పాటు మన నల్లమల అడవిని కూడా పట్టుకుపోయింది. ఈ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్క చిరుతపులి అడ్డం రాలేదు. అడవి మొత్తాన్ని చాపలా చుట్టి జీపులో పడేసుకున్నారు.

సరే, మొత్తం అడవి కాదు, దక్షిణం వైపు కొంత. అదీ చెట్లూ పుట్టలతో సహా కాదు, ప్లాస్టిక్ ఫిల్ము మీద గీసిన అడవి. కానీ పోగొట్టుకున్న మనిషికి మాత్రం అడవే పోయింది.

ఆ మనిషి విజయవాడ రవీంద్ర. కువైట్‌లో షువైఖ్ అనే చోట ఒక ఆఫీసులో, ఉపగ్రహాలు తీసిన బొమ్మలు చూసి ఎడారి ఇసుక ఎటు జరుగుతోందో కొలవడం ఆయన ఉద్యోగం. పగలంతా ఇసుక చూసి కళ్లు ఎండిపోయేవేమో, సాయంత్రం ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద నల్లమల పరుచుకునేవాడు. 1973లో తీసిన బొమ్మ ఒకటి, 1989లో తీసింది ఒకటి. ఒక్కో బొమ్మ మీద పారదర్శకమైన ఫిల్ము పరిచి, అడవి అంచు వెంబడి సన్నటి పెన్నుతో గీత గీసి, లోపలంతా ఎర్రరంగు నింపేవాడు. వాళ్ల పనిలో అడవి రంగు ఎరుపే. ఉపగ్రహం బొమ్మలో ఆకులన్నీ ఎర్రగానే వస్తాయి.

"నల్లమలను కాస్త పక్కకు జరిపితే కంచం పెడతాను," అనేది భార్య కనకవల్లి.

పాత ఫిల్ములో అడవి చిరుగు లేని దుప్పటి. కొత్తదాంట్లో అదే దుప్పటి పీలికలు. ఒక్కచోట మాత్రం రెండు పెద్ద ముక్కల్ని కలుపుతూ సన్నటి మెడ లాంటి అడవి మిగిలింది. సరిగ్గా దాని మీదుగా రోడ్డు వేయబోతున్నారని ఊరి నుంచి కబురొచ్చింది. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు రెండు ఫిల్ములూ రోడ్డు ఆఫీసులో పరిచి, ఎంత అడవి ఎంతయిందో చూపించి, ఆ మెడ ఒక్కటీ వదిలేయమని అడగాలని రవీంద్ర పట్టుదల.

ఈలోగా ఆగస్టు వచ్చింది, ట్యాంకులు వచ్చాయి. షువైఖ్ ఆఫీసును సైనికులు ఊడ్చేశారు. కంప్యూటర్లు, కుర్చీలు, రవీంద్ర అక్కడే దాచుకున్న రెండు బొమ్మలు, అన్నీ లారీలెక్కాయి. ఫిల్ములు ఇంట్లో ఉండబట్టి మిగిలాయి.

జోర్డాన్ చేరితే అక్కడి నుంచి విమానాలున్నాయని తెలిసి, ఆ దంపతులు చిన్నపుల్లయ్యను పట్టుకున్నారు. అతను జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, కుటుంబంతో సౌదీ పారిపోతూ పెద్ద బండి ఒకటి వదిలేసి వెళ్లాడు. తెల్లవారాక బయల్దేరుతుంటే చిన్నపుల్లయ్య చూపు రవీంద్ర చంకలో ఫిల్ములు చుట్టి పెట్టిన గొట్టం మీద పడింది.

"ఏంది సార్ అది? తుపాకీ అనుకుంటారు. ఈడ్నే పారేయండి."

"మీ పోరుమామిళ్ల కొండలేనయ్యా ఇందులో."

"మా కొండలు ఇంత దూరం వచ్చినాయా? ఈడ ఉండేదానికి ఇఖామా ఉందా వాటికి?"

జహ్రా దాటగానే చెక్‌పోస్టు. ఒక సైనికుడు రవీంద్ర చేతి గడియారం విప్పించుకుని, గొట్టం తీసుకెళ్లి ఆఫీసరుకిచ్చాడు. ఇంగ్లీషు వచ్చిన ఆఫీసరు. ఫిల్ములను బండి బానెట్ మీద పరిచాడు.

"ఇది ఏ నగరం?"

"నగరం కాదండీ, అడవి."

"ఎర్రటి అడవా?"

"చెట్లు పచ్చగానే ఉంటాయి. కంటికి కనబడని వెలుగులో తీస్తే..."

"అడవి అని ఊరుకోండి సార్, మీ కాళ్లు మొక్కుతా," అన్నాడు చిన్నపుల్లయ్య.

"ఎవరు తీశారు?"

రవీంద్రకు పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడటం చేతకాలేదు. "అమెరికా ఉపగ్రహం," అన్నాడు.

కనకవల్లి నెత్తి కొట్టుకుంది. "రష్యా అంటే నోరు అరిగిపోయేదా?" అని తెలుగులో గొణిగింది.

ఆఫీసరు వేలు ఫిల్ము మీది కూడిక గుర్తుల మీదికి పోయింది. "ఇవి బాంబులు వేయాల్సిన చోట్లా?"

"అబ్బే, చెరువు కట్టలు, రోడ్ల కూడళ్లు. ఎన్నేళ్లయినా కదలవు. వాటి ఆధారంగానే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడతాం."

ఆఫీసరు కూర్చోబెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇంత భూమి పోయిందే! ఎవరు ఆక్రమించారు? ఏ సైన్యం?"

"సైన్యం కాదండీ. మేమే."

ఆఫీసరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. "రెండూ కలిసి ఉంటేనే ప్రమాదం. ఒకటి మా దగ్గరుంటుంది, ఒకటి నువ్వు తీసుకో," అని పాత ఫిల్మును రవీంద్ర చేతిలో పెట్టి, కొత్తదాన్ని చుట్టడం మొదలుపెట్టాడు.

అక్కడ నోరు మూసుకుని బండెక్కాల్సింది. సంతోషం పట్టలేక రవీంద్ర, "చాలా థాంక్సండీ! నాకు కావలసింది పాతదే. కొత్తది ఎప్పుడైనా గీసుకోవచ్చు," అన్నాడు.

చుడుతున్న చేతులు ఆగిపోయాయి. ఆఫీసరు పాతదాన్ని వెనక్కి లాక్కుని, కొత్తదాన్ని బానెట్ మీదికి విసిరాడు.

రవీంద్ర చేతులు జోడించాడు. కొత్తది తీసుకోమన్నాడు, పెళ్లి ఉంగరం తీసుకోమన్నాడు. ఉంగరం తీసుకున్నారు. ఫిల్ము మాత్రం జీపులోకి పోయింది. ఒక సైనికుడు తుపాకీ మడమతో బానెట్ మీద కొట్టి, "యల్లా!" అని అరిచాడు.

"ఖలాస్ సార్, ఎక్కండి," అంటూ చిన్నపుల్లయ్య ఆయన్ను రెక్క పట్టి బండిలోకి తోశాడు. బస్రా దాకా కనకవల్లి మిగిలిన ఫిల్మును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండేదని రవీంద్రకు అనిపించింది.

ఇండియా చేరిన వారానికే ఆయన మిగిలిన ఫిల్ము పట్టుకుని రోడ్డు ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి ఇంజనీరు మర్యాదస్తుడే, టీ కూడా తెప్పించాడు.

"ముక్కలుగానే ఉంది కదండీ అడవి. ముక్కల మధ్య నుంచి రోడ్డు పోతే మీకేమిటి అభ్యంతరం?"

"ఇదివరకు ఒక్కటే అడవండీ. ఈ మెడ కూడా తెగితే ఇటువైపు జంతువులు అటు పోలేవు."

"ఒక్కటిగా ఉన్నది చూపించండి మరి."

పాత బొమ్మ మళ్లీ తెప్పించి గీస్తానన్నాడు రవీంద్ర, కొన్ని నెలలు గడువడిగాడు. ఇంజనీరు కిటికీలోంచి బయటికి చూపించాడు. కంకర లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. టీ చల్లారిపోతోందని గుర్తుచేశాడు.

పాత బొమ్మ పోస్టులో వచ్చేసరికి రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నాయి. రవీంద్ర దాన్ని విప్పలేదు. యుద్ధం ముగిశాక మళ్లీ కువైట్ వెళ్లిపోయాడు.

ఇప్పటికీ అక్కడే ఫహాహీల్లో ఉన్నాడు, ఎవరైనా వెళ్లి అడగవచ్చు. ఆమధ్య ఒక శుక్రవారం భోజనాల దగ్గర ఎవరో అడిగారు కూడా. అబద్ధం చేతకాని ఆ మనిషి పెరుగన్నం కలుపుతూ తలెత్తకుండా చెప్పాడు:

"ఎవరు చెప్పారండీ మీకు? షువైఖ్‌లో నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మమ్మల్ని దారిలో ఎవరూ ఆపలేదు. నేను ఏ ఫిల్మూ గీయలేదు. నల్లమల ఎటువైపుంటుందో కూడా నాకు తెలియదు."