కొలెస్ట్రాల్ తగ్గిందని మేం సంతోషపడ్డ రోజు

నిన్న పొద్దున బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చుని ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"కమల పెద్దమ్మ పోయిందక్కా."

నా నంబర్ పిలిచారు. టోకెన్ పక్కావిడ చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను. మొన్న సాయంత్రమే కదా, గోంగూర పచ్చడి పంపిస్తానని ఫోన్‌లో చెప్పింది.

ఇంకా నమ్మకం కలగడం లేదు.

పెద్దమ్మ మా నాన్న వాళ్ల అన్న భార్య. పెద్దనాన్న ఇల్లందులో బొగ్గుబాయిలో పంప్ ఆపరేటర్. ఆయనకు కొలెస్ట్రాల్ ఎక్కువ. ఏళ్ల తరబడి పెద్దమ్మ ఆయన కూరలో నూనె చుక్కలుగా వేసేది. ఆయన సణుగుతూనే తినేవాడు.

పంతొమ్మిది వందల తొంభైలలో ఆయనకు లివర్ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరింది. ఆపరేషన్ కుదరదు, మందు ఎక్కించి చూద్దాం రమ్మన్నారు హైదరాబాద్‌లో. వెళ్లేముందు ఖమ్మంలో రక్తపరీక్ష చేయించారు. నేను అక్కడే ఇంటర్ చదువుతున్నాను, దవాఖానాకు వెళ్లాను.

రిపోర్టులో కొలెస్ట్రాల్ సగానికి పడిపోయింది.

నాన్న ముఖం వెలిగిపోయింది. "చూసినవా వదినా, ఒళ్లు దారికొస్తున్నది."

పెద్దమ్మ కూడా నవ్వింది. అన్ని వారాల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

డాక్టరమ్మ నవ్వలేదు.

"ఆ కొవ్వును ఎక్కువగా తయారుచేసేది లివరేనమ్మా. దానికి ఇక చేతకావట్లేదు, అందుకే పడిపోయింది. ఈ ఒక్కటే చూసి చెప్పట్లేదు నేను. కామెర్లు, పొట్టలో నీరు, అన్నీ కలిపి చూస్తే హైదరాబాద్‌లో ఎక్కిస్తామన్న ఆ మందును ఆయన తట్టుకోలేరనిపిస్తోంది."

"ఎన్ని రోజులుంటడు మేడం?" పెద్దమ్మ అడిగింది.

"అది ఎవరూ చెప్పలేరు. ఎక్కువ లేవు."

బయటికి రాగానే నాన్న అన్నాడు, "అన్నకు చెప్పకు. రేపే హైదరాబాద్ పోదాం."

"ఆయన పానం గురించి ఆయన్నే అడగకుండ ఎట్లయ్యా?" అంది పెద్దమ్మ.

ఆ రోజుల్లో రోగికి ఎవరూ చెప్పేవారు కాదు. ఆమె చెప్పింది. ఇల్లందులో వాళ్ల క్వార్టర్ వరండాలో, ఆయన మంచం పట్టె మీద కూర్చుని, డాక్టర్ అన్నది అన్నట్టే.

పెద్దనాన్న ఆమె వైపు తిరిగాడు.

"ఆడికి పోతే తగ్గుతదా?"

"తగ్గుతదని ఎవ్వరు చెప్తలేరు."

"మరెందుకు పోవుడు."

వంటింటి వైపు చూసి, "ఇయాల వంకాయ కూరల మంచిగ నూనె వెయ్యి, కమలా" అన్నాడు.

వేసింది. నాలుగు ముద్దలు కూడా తినలేకపోయాడు. కంచంలో మిగిలింది పెద్దమ్మ తినేసింది, ఆయన చూస్తుండగానే. ఏడవలేదు.

నెల తిరగకుండానే, మిరప కోతలు మొదలుకాకముందే ఆయన పోయాడు.

"అన్నను పెద్దాసుపత్రికి పోనియ్యలేదు" అని నాన్న పది మందిలో అన్నాడు. ఆ తర్వాత ఏళ్లపాటు ఆమె గడప తొక్కలేదు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

చాలా కాలానికి నాన్నకు గుండె ఆపరేషన్ అన్నారు. ఎవరిని పిలవమంటావని అడిగితే, వదినను పిలవమన్నాడు.

ఆమె బస్సు దిగి, సంచీతో నేరుగా వార్డుకు వచ్చింది.

"నాకు ఏదున్నా దాచకుండ నువ్వే చెప్పాలె వదినా" అన్నాడు నాన్న. ఆమె తల ఊపింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన లేచి నడిచేదాకా ఇంటికి పోలేదు.

ఆమెకు మాత్రం మనసులో ముల్లు ఉండేది. పోయినేడు పప్పు ఏరుతూ ఉన్నట్టుండి అడిగింది, "హైదరాబాద్ పోయుంటే మీ పెద్దనాన్న ఇంకొన్ని దినాలు బతికేటోడేమో గదా బిడ్డా?"

తెలియదు పెద్దమ్మా అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు, ఆమెకైతే అసలు చెప్పలేను.

నిన్న మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటి దగ్గర నాన్న చేతికర్ర పక్కన పెట్టి, ఇద్దరు పట్టుకుంటే వంగి ఆమె పాదాలు ముట్టుకున్నాడు.

పోయి రా పెద్దమ్మా. ఇకనైనా ఆ ప్రశ్న నిన్ను వదిలిపెట్టాలి. హాయిగా నిద్రపో.