వంకలో నీళ్లు ఎర్రబారిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి వంకలో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే ఉండేది. కార్వేటినగరం కొండల కింద చిన్న ఊరు మాది. ఇళ్లు ఒక గట్టున, చేలు అవతలి గట్టున. వానలు పడ్డాక నడుమ సన్నగా ఒక పాయ పారేది. అందులో మా కాళ్లు తడిసీ తడవనట్టుండేవి. యుద్ధం రోజులవి. పెద్దవాళ్లు బియ్యం దొరకలేదని, కిరసనాయిలు దొరకలేదని దిగులుపడేవాళ్లు. పిల్లలం మాత్రం పొద్దంతా ఆ ఇసుకలోనే ఉండేవాళ్లం.

పక్కింటి అక్క అంటే మాకందరికీ ప్రాణం. తల్లి చనిపోయాక తండ్రికి ఆమే వండిపెట్టేది. ఆయనను మేము పెదనాయన అనేవాళ్లం. మంచి మనిషే గాని, ఒకరు చెబితే వినే రకం కాదు.

ఆ మధ్యాహ్నం అక్క పాయలో బట్టలు ఉతుకుతోంది. మేము కొంచెం ఎగువన ఇసుకలో గుంతలు తవ్వుకుంటున్నాం. మా నెత్తిన మంచి ఎండ. కొండ మీద మాత్రం నల్లగా మూసుకుపోయి ఉంది. ఉన్నట్టుండి అక్క బట్ట పిండడం ఆపి నీళ్లకేసి చూసింది. తేటగా ఉన్న పాయ ఎర్రబారింది. నురగ, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. నేనూ చూశాను గాని నాకు ఏమీ తోచలేదు.

అక్క కేకలు పెట్టలేదు. రోజూ పిలిచే గొంతుతోనే, "పైన బండ కాడ సీతాఫలాలు మాగబెట్టినాను. ముందు పోయినోళ్లకి పెద్దకాయ" అనింది. మేము ఉన్నవాళ్లం ఉన్నట్టే గట్టెక్కి పరుగెత్తాం. బట్టలు అక్కడే వదిలేసి, మా తమ్ముణ్ని చంకనేసుకొని అక్క వెనకే వచ్చింది. బండ మీద పండ్లు లేవు. మేము అలిగి ఏడవబోతుంటే, కొండ వైపు నుంచి బరువైన బండ్లు రాళ్ల మీద దొర్లినట్టు మోత మొదలైంది.

అప్పుడే పెదనాయన గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని అవతలి గట్టుకు వచ్చాడు. అక్క గొంతు చించుకొని అరిచింది. "నాయనా, దిగొద్దు. కొండనీళ్లు వస్తాండాయి."

ఆయన విన్నాడు. పాయ వైపు చూశాడు. మోకాలి లోతు కూడా లేదు. ఏమీ కాదన్నట్టు చెయ్యి ఊపి దిగాడు. సగం దాటేలోపే ఎర్రటి నీళ్లు చెట్లను మోసుకొని మలుపు తిరిగాయి. గడ్డిమోపు కాసేపు తేలుతూ కనిపించింది. ఆయన కనిపించలేదు.

అక్క కిందికి ఉరకబోతే పిల్లలమంతా ఆమె చీర పట్టుకొని ఏడ్చాం. ఆమె అక్కడే కూలబడిపోయింది. మరునాడు నీళ్లు తగ్గాక ఊరివాళ్లు దిగువన వెతికి ఆయన శవాన్ని తెచ్చారు.

మా అమ్మ అక్క చేతులు పట్టుకొని, నా బిడ్డల్ని నాకు మిగిల్చినావని ఏడ్చింది.  చాన్నాళ్లకు ఒక రోజు అక్క మా ఇంట్లో సంగటి ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా అనింది. "పిల్లోళ్లకు అబద్ధం చెప్పినాను, వచ్చేసినారు. నాయనకు నిజం చెప్పినాను. ఆవు చేలో పడిందని అని ఉంటే ఎనక్కి తిరిగి ఉండేవాడు గదా పిన్నమ్మా."

 మా అమ్మ ఆమెను తినమని మాత్రం అనింది.

ఆ తర్వాత కొండ మీద మబ్బు పడితే చాలు, అక్క గట్టు మీద నిలబడి దాటేవాళ్లను ఆపేది. ఆమెను చూసి ఎంతటివాళ్లైనా ఆగేవాళ్లు. రెండు మూడేళ్లకు సత్యవేడు వైపు ఎవరికో ఇచ్చి పెళ్లి చేశారు. మళ్లీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు నాకు తొంభై దగ్గరపడుతోంది. ఏ వంక దాటాల్సి వచ్చినా, ఎండ కాస్తున్నా సరే, ముందు కొండకేసి చూస్తాను. తర్వాత నీళ్ల రంగు చూస్తాను. లోతు ఎంతని అడగను. నా మనవరాళ్లకూ అదే అలవాటు చేశాను. కాని అక్కను తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆమె చేయగలిగిందంతా చేసిందని, అందులో ఆమె తప్పేమీ లేదని చెప్పగలిగే వయసు నాకు వచ్చేసరికి, ఆమె యాడుందో చెప్పేవాళ్లు ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు.