దండం పెట్టిన గుడ్డెలుగు

మొన్న హన్మకొండ బజారులో మనవరాలు పట్టుబట్టి ఒక ఎలుగుబంటి బొమ్మ కొనిపించుకున్నది. పొట్ట నొక్కితే రెండు చేతులూ ఎత్తి దండం పెడుతది. పిల్ల మురిసిపోతుంటే నేను దుకాణం మెట్ల మీదనే కూలబడ్డ.

డెబ్బైల నాటి మాట. మాది మేడారం తొవ్వలో అడవి పక్క ఊరు. తెల్లారగట్ల ఇప్పపువ్వు ఏరబోయిన మా అమ్మ మీద పిల్లల తల్లి గుడ్డెలుగు పడి సగం మొహం చీరేసింది. దవాఖానలో రెండు నెలలుండి బతికి బయటపడ్డది గానీ, ఆ తర్వాత కొంగు కప్పుకోకుండ వాకిట్లకు రాలేదు, ఆకు కదిలినా కేక పెట్టేది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటది, అప్పట్ల ఎలుగును ఆడించేటోళ్లు ఊరూరా తిరిగేది. దాని వెంట్రుక తాయెత్తులో కడితే జడుపు పోతదని నాయనమ్మ పోరు పెట్టింది. చర్చిలో పెద్దమనిషైన మా నాయనకు తాయెత్తులంటే మంట, అయినా అమ్మ కోసం ఒప్పుకొని, పరకాల దిక్కునుంచి వచ్చిన ఒకాయన్ను తనే ఇంటికి పిలిచిండు.

పిలిచిన నాయనే, ఆ నల్లబొచ్చు వాకిట్లకు రాంగనే ఏమైందో, మూలకున్న దుడ్డుకర్ర అందుకున్నడు. ఇరవై ఏండ్లోణ్ణి, ఆపాల్సినోణ్ణి, నేనూ రోకలి పట్టుకొని ఎగబడ్డ. చెప్పుకోను సిగ్గయితది, కొడుతుంటే నా పానానికి ఎంత హాయిగున్నదో! దాని ముక్కుకు తాడు, నోట్లో ఒక్క పన్ను లేదు. కర్ర లేస్తే దండం పెట్టాలని నేర్పిన్రు కావచ్చు, మేము ఎత్తినప్పుడల్లా అది వెనక కాళ్ల మీద లేచి దండం పెట్టింది. దాన్ని ఆడించే ఆయన మా కాళ్ల మీద పడి మొత్తుకున్నా ఆగలేదు.

ఆపింది అమ్మ. కొంగు లేకుండ, ఆ చీలిన మొహంతోనే వచ్చి దానికి అడ్డం నిలబడ్డది. "అడవిల గది పిల్లలున్నయని నా మీద పడ్డది. మీకేమచ్చిందిరా కొడుకా?" అన్నది.

ఎలుగు విరిగిన కాలుకు ఆడించే ఆయన తన రుమాలు చుట్టి, దాన్ని మెల్లగ నడిపించుకుంటూ పోయిండు. వెంట్రుకలు అడిగే మొహం మాకెక్కడిది? ఆ ఆదివారం చర్చిలో నాయన ఎప్పటిలెక్కనే ముందు నిలబడి ప్రార్థన చేసిండు, నేను ఆమేన్ అన్న. అమ్మ జడుపు పోలేదు. కాకపోతే అప్పటినుంచి నేను పొయ్యిల కట్టె చేతబట్టినా పక్కకు జరిగేది.

ఇప్పుడు మా దిక్కు ఇప్పచెట్లు లేవు, ఎలుగులు లేవు, ఆడించేటోళ్లూ రారు. మనవరాలికి ఎలుగంటే పక్కలో పండబెట్టుకునే మెత్తటి బొమ్మ. తాత కూడా ఒక్కసారి పొట్ట నొక్కి చూడాలని దాన్ని నా ఒళ్లో పెట్టిపోయింది. నేనింకా నొక్కలేదు.