లాకీని తిట్టడం మానేసిన ఊరు

మా ఇన్వర్‌కార్న్‌లో లాకీ గెడ్డెస్‌కి మూడు వందల మంది కోచ్‌లు ఉన్నారు. ఎందుకంటే వారమంతా అతను ఉత్తరాలు పంచేది ఆ మూడు వందల ఇళ్ళకే. శనివారం మైదానంలో ఎలా ఆడాడో సోమవారం ప్రతి గుమ్మం దగ్గరా అప్పజెప్పించుకుని, నాలుగు తిట్టి గానీ జనం ఉత్తరం అందుకునేవారు కాదు.

పందొమ్మిదో ఏట మా ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాడు. పదిహేను సీజన్లు, నూట ముప్పై ఒక్క గోల్స్. అందులో అందమైనవి ఓ పది ఉంటాయేమో, మిగతావి మోకాలికో వీపుకో తగిలి లోపలికి దొర్లినవే. ఒకసారి పెద్ద క్లబ్బు ఒకటి వారం రోజులు పరీక్షించి చూస్తామని పిలిచింది. శుక్రవారానికల్లా తిరిగొచ్చి, ‘అక్కడ ఎవడూ నన్ను ఏమీ అనలేదు, భయమేసింది’ అన్నాడు. మేం నవ్వాం. నవ్వి ఊరుకోకుండా ఆ మాట గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేది.

మైదానంలో మటన్ పైల కొట్టు నాది; పిండి రేకులో మాంసం కూరి కాలుస్తాను. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను. లాకీకి ఎప్పుడూ మాడిన పై ఇచ్చేదాన్ని, ‘మంచిది గోలు కొట్టినవాడికే’ అంటూ. గోలు కొట్టిన రోజు కూడా మాడిందే ఇచ్చేదాన్ని. మా ఊళ్ళో ప్రేమంటే అదే.

పోయిన వసంతంలో, సీజన్ చివరి మ్యాచ్‌లో, గెలిస్తే పై డివిజన్‌కి వెళతామనగా ఆఖరి నిమిషంలో పెనాల్టీ దొరికింది. లాకీ కొట్టిన బంతి గోలుపోస్టు మీదుగా, గోడ మీదుగా వెళ్ళి పక్కనున్న రేవులో పడింది. ఈల వేసేశాక కూడా అది పడవల మధ్య తేలుతూనే ఉంది. లాకీ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు మేం చేయకూడని పని చేశాం. జాలిపడ్డాం.

సోమవారం వల్ డ్యూరీ ఇంటికి ఉత్తరం తెచ్చాడు. రిటైరైన చేపల పడవవాడు వల్, పదిహేనేళ్ళుగా లాకీని నోటికొచ్చినట్టు తిట్టినవాడు. ఆ రోజు టోపీ తీసి చేత్తో పట్టుకుని, “వాతావరణం బాగుంది కదూ లాకీ” అన్నాడట. బయట కుండపోతగా వాన. పక్కింటి ఐసా పిరీకి ఎనభై ఒకటి. ఆవిడ బిస్కట్లు పెట్టింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? మాడకుండా చక్కగా కాలిన పై ఏరి, రెండు కాగితాల్లో చుట్టి ఇచ్చాను.

కొత్త సీజన్ మొదలైంది. లాకీ ఒక్క గోలూ కొట్టలేదు. బంతి దొరికితే పక్కవాడికి ఇచ్చేసేవాడు. పెనాల్టీలు కెప్టెన్‌కి వదిలేశాడు. మేమేమో మర్యాదగా చప్పట్లు కొట్టేవాళ్ళం.

నవంబరులో ఒక మంగళవారం సాయంత్రం, ప్రాక్టీసుకి ముందు కొట్టు దగ్గరికొచ్చాడు.

“ఆంటీ, ఈ శనివారంతో ఆట మానేస్తున్నా. మ్యాచ్ అయ్యాక మేనేజరుతో చెప్పేస్తా.”

“ఎందుకురా? మోకాలా?”

“మోకాలు బానే ఉంది. ఎవరూ తిట్టట్లేదు.” కాసేపు తన బూట్లు చూసుకున్నాడు. “చచ్చినోణ్ణే కదా ఆంటీ, ఎవరూ ఏమీ అనరు.”

మంచితనం అనుకుని బతికున్న మనిషికి ఆరు నెలలుగా సంతాపసభ పెట్టామని అప్పుడు తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

తిన్నగా వల్ ఇంటికి వెళ్ళాను.

“ఏం వల్, నోరు పడిపోయిందా నీకు?”

“వాడి మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నానే.”

“తగలెయ్యి నీ మర్యాద! శనివారం నోరు తెరవకపోయావో, నా కొట్టు దగ్గరికి రాకు.”

శనివారం మొదటి సగం ఎప్పటిలాగే చప్పగా సాగింది. అటూ ఇటూ గోల్స్ లేవు. విరామంలో మేమంతా అలవాటు ప్రకారం మైదానం చుట్టూ నడిచి, మావాళ్ళు గోలు కొట్టాల్సిన వైపుకి, అంటే రేవు వైపుకి మారాం. నేనూ కొట్టు మూసి వెళ్ళాను. లాకీ దగ్గరికి రాగానే వల్ గొంతు సవరించుకున్నాడు.

“ఒరేయ్ లాకీ! మా చెల్లి పంపిన పుట్టినరోజు కార్డు మూడిళ్ళ అవతల పడేశావ్. ఆ గోలుపోస్టన్నా కనబడుతోందా?”

లాకీ గిరుక్కున తిరిగాడు.

“నా తుంటికి ఆపరేషనయింది,” ఐసా పిరీ అందుకుంది. “అయినా నిన్ను దాటేసి పరిగెడతా, పందెం!”

ఇక అందరికీ నోళ్ళు లేచాయి. ఆరు నెలల బాకీ తీరుస్తున్నట్టు తిట్టారు. లాకీ పరుగు మారింది. ఎనభయ్యో నిమిషంలో ఎదుటి జట్టువాళ్ళు అతన్నే కిందపడేశారు. పెనాల్టీ. అదే గోలుపోస్టు. కెప్టెన్ బంతి తీసుకోబోతుంటే లాకీ చెయ్యి చాచాడు.

అంతే, అందరూ ఠక్కున నోళ్ళు మూసుకున్నారు. వల్ కూడా. ఆ నిశ్శబ్దం అతని భుజాల మీద పడటం నాకు కనిపించింది. ఆ పెనాల్టీ ఊసు అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. నేనెత్తాను.

“రేవులో పడవలన్నీ పక్కకి తీయండ్రోయ్! లాకీ కొడుతున్నాడు!”

లాకీ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని మరీ నవ్వాడు. మైదానమంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆరకుండానే పరిగెత్తుకొచ్చి, నేలబారుగా, ఎడమ మూలకి కొట్టాడు. గోలుపోస్టు వల మా ముందే ఉబ్బింది. నేను వల్ మెడ పట్టుకుని ఏడ్చాను.

మ్యాచ్ అయ్యాక కొట్టు దగ్గరికొచ్చాడు. అట్టడుగున మాడినది వెతికి ఇచ్చాను.

“మేనేజరుతో చెప్పావా?”

“ఏం చెప్పాలి?” అన్నాడు నోటినిండా పైతో.

సోమవారం పదింటికి రావలసిన ఉత్తరాలు మా వీధికి మధ్యాహ్నం రెండింటికి చేరాయి. ఆలస్యమైందని ప్రతి ఇంటివాళ్ళూ ఫిర్యాదు చేశారు, అతన్ని గుమ్మంలో నిలబెట్టి, తీరిగ్గా.