ఉప్పులేని సముద్రం

మా ఇంట్లో నా మాటకున్న విలువ ఎంతంటే, వాన పడుతోందని నేనంటే మా అక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటుంది. ఆమెను తప్పుపట్టలేను. నాగావళిలో ఈదుతుంటే ఒక వాలుగ చేప నన్ను వీపు మీద ఎక్కించుకుని, ఆమదాలవలసలో రైలు టైముకు సరిగ్గా దింపిందని చెప్పినవాణ్ణి నేను. రైలే ఆలస్యంగా వచ్చింది, పాపం చేప ఏం చేస్తుంది?

అలాంటి నేను ఒక పొద్దున్న విజయనగరంలో అక్క వేసిన అట్లు తింటూ, సముద్రం అడుగున చేపలు పగడపు రాళ్ళను కరకర నములుతాయనీ, చెవిపెట్టి వింటే ఆ చప్పుడు తాళంలో పడుతుందనీ అన్నాను. నమలడం ఎవరో ఫోనులో చూపించిన వీడియోలోది. తాళం మాత్రం నాది. అక్క సంగీతం టీచరుగా రిటైరైంది. తాళం మాట చెవిన పడేసరికి అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది.

"ఏ తాళంరా?"

"ఆది తాళం అనుకుంటానే."

"నీ అనుకోడాలు నాకెందుకు? నేనే పోయి సూసి సెప్తాను."

అంది గాని, అందులో సరదా సగమే. ఊహ తెలిసినప్పటి నుంచి మాఘ పౌర్ణమికి భీమిలి వెళ్ళి సముద్రస్నానం చేస్తోంది. ముక్కు మూసుకుని, కళ్ళు మూసుకుని, మూడు మునకలు. ఇన్నేళ్ళు మునిగినా ఆ నీళ్ళలో ఒక్కసారీ కళ్ళు తెరవలేదు. ఇప్పుడేమో మోకాళ్ళు అరిగిపోయాయి. ఇసకలో నాలుగడుగులు వేస్తే అయిదో అడుక్కి నా భుజం కావాలి. ఇంకొన్నాళ్ళు పోతే పడవ కూడా ఎక్కలేదు. నీళ్ళలో తేలడానికి మాత్రం మోకాళ్ళతో పనిలేదు. చూస్తే ఇప్పుడే చూడాలి.

ఇక ముగ్గురం ఫోను ముందేసుకుని దీవుల్లో రిసార్టులు వెతకడం మొదలెట్టాం. మూడోవాడు మా బావ. వరి పండిస్తాడు. నీటి మీద కర్ర స్తంభాలెత్తి కట్టిన గదుల ఫొటో చూసి, "నీళ్ళల్లో గుడిసెకి అంత డబ్బేటి? వరదొస్తే మనూళ్ళో ఊరికినే వస్తాది" అన్నాడు. ఇంకోచోట ఈతకొలను చూపిస్తే, "సముద్రం పక్కన నుయ్యి తవ్వుకున్నోడు మనకి చేపలేటి సూపిస్తాడు?" అని దాన్నీ కొట్టేశాడు.

అసలు చిక్కు గదుల్లో లేదు, పంచాంగంలో ఉంది. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదని అక్క పట్టు. అమావాస్యో, పున్నమో అయితేనే దిగుతుంది. రిసార్టులవాళ్ళకు ఫోను చేస్తే సరిగ్గా ఆ రోజులే వద్దన్నారు. అప్పుడు ఆటుపోట్లు ఎక్కువట, ఇసక లేచి నీళ్ళు మసకబారతాయట. అష్టమి దగ్గర్లో వస్తే అడుగు అద్దంలా కనిపిస్తుందట. పున్నమికి పోతే చేప కనబడదు. అష్టమికి పోతే అక్క కాలు తడపదు.

"పోనీలేరా, మనకి రాసిలేదు" అని అక్క ఫోను బోర్లించి, ఖాళీగా ఉన్న పెనం మీద మళ్ళీ నూనె రాసింది.

ఆ నూనె చప్పుడు విన్నాక నాకు మాటలు వాటంతటవే వచ్చాయి. లక్షద్వీపాల్లో ఒక రిసార్టు ఉందనీ, అక్కడ పగడపు రాళ్ళు చుట్టూ గట్టులా ఉంటాయనీ చెప్పాను. "గట్టుకి అవతలదే సముద్రమే అక్కా. ఇవతలది చెరువు కిందే లెక్క."

"గట్టుంటే సెరువే" అన్నాడు బావ, రైతుగా తీర్పిచ్చినట్టు.

అక్క తేలిగ్గా లొంగే మనిషి కాదు. "సెరువైతే ఉప్పుండదు. ఉప్పగా ఉన్నాదో లేదో నా ముందే కనుక్కో."

ఫోను స్పీకర్లో పెట్టి, నాకొచ్చిన హిందీలో అడిగాను. "పానీ నమ్కీన్ హై క్యా?"

హిందీలో ఉప్పగా ఉన్నదీ నమ్కీనే, టీతో తినే మిక్చరూ కారప్పూసా నమ్కీనే. అవతలివాడికి రెండోదే వినబడింది. "నమ్కీన్ నహీ సార్" అన్నాడు ఖచ్చితంగా. "ఓన్లీ బిస్కట్..."

చటుక్కున ఫోను కట్టేశాను.

"బిస్కటేటిరా?" అంది అక్క.

"వాళ్ళ కుక్క పేరే. పిలుస్తన్నాడు."

బావ నావైపు చూశాడు. గోడవైపు చూశాడు. "లేదన్నాడు కదేటి, నేనూ విన్నాను. టిక్కెట్లు తియ్యరా" అన్నాడు.

అష్టమినాడు ప్రయాణం కూడదు కాబట్టి పంచమికే బయల్దేరాం.

అక్కడ నీళ్ళు నిజంగానే కదలడం లేదు. అక్క చుడీదారు మీద లైఫ్ జాకెట్టు తొడుక్కుని, అద్దాల మాస్కు నుదుటి మీదకి తోసుకుని, నా భుజం పట్టుకుని నడుం లోతుకి దిగింది. అక్కడ ఆగిపోయింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

నేను ఆకాశంలో మబ్బులు చూస్తున్నాను. పక్కన రిసార్టు వంటింట్లో ఉప్పుబస్తా తెగి నీళ్ళలో పడిందన్న కథ నాలిక చివర సిద్ధంగా ఉంది.

అక్క నన్ను చాలాసేపు చూసింది. అరశ్రుతి తప్పిన పిల్లని కూడా మెచ్చుకోలుకి బాగుందనని మనిషి.

"సప్పగా ఉన్నాదిరా" అంది.

మాస్కు దించుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, మొహం నీళ్ళలో పెట్టింది. మోకాళ్ళు వాటంతటవే పైకి తేలాయి. గొట్టంలోంచి సన్నాయి పీకను తొలిసారి ఊదినట్టు ఒక కూత వచ్చింది. తర్వాత చప్పుడు లేదు. ఆమె చెయ్యి మాత్రం నా భుజం వదిలేసింది.

కాసేపటికి ఆ కుడిచెయ్యే నీటి మీద మెల్లగా కదిలింది. రెండు తట్లు, ఒక విసురు. మళ్ళీ రెండు తట్లు, ఒక విసురు. నేను చెప్పింది తప్పే. ఆది తాళం కాదు, రూపకం.