తూము పక్క బండ

ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం ఆగేది అమావాస్య నాడే. ఆ ఒక్కరోజు నాది అనుకున్నాను.

నలభై దాటాక వయోజనుల బడిలో చదువు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదివిన మొదటి వాటిలో ఒక పాత పత్రిక ఉంది. అందులో పెనుకొండ చెరువు బొమ్మ, నీటి రంగులతో వేసింది. చాలా పేరున్న చిత్రకారుడు తూము పక్క బండ మీద కూర్చుని వేశాడని కింద రాసి ఉంది. బొమ్మలో నీళ్లు కదులుతున్నట్టే ఉన్నాయి. ఆ బండ మీదే కూర్చుని అలాంటి నీళ్లు నేనూ వేయాలనిపించింది. హిందూపురం వెళ్లినప్పుడు రంగుల పెట్టె, కుంచెలు, దళసరి కాగితాలు కొనుక్కున్నాను.

వానలు వెనకబట్టాక వచ్చిన మొదటి అమావాస్యకు బయలుదేరుతుంటే మా ఆయన అడ్డం వచ్చాడు.

"రొంత పండుకోక, పెనుకొండలో ఏం పనే నీకి?"

"చెరువు గీయల్ల."

"మనూరి చెరువేం పాపం చేసిందే?"

"దాన్ని పేరున్నోళ్లెవరూ గీయలేదు కదా," అని బస్సెక్కాను.

మగ్గం పనిలో నా వంతు అంచుల డిజైన్లు. గడుల కాగితం మీద గడి గడికీ రంగు నింపాలి. ఒక్క గడి ఖాళీగా వదిలినా నేతలో పువ్వు విరిగిపోతుంది. అందుకే బండ మీద కూర్చోగానే కాగితానికి పెన్సిలుతో గడులు కొట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం నింపాను. గొర్రెలకు నీళ్లు తాపడానికి వచ్చిన ఒక అవ్వ వంగి చూసింది.

"ఏం పాపా, చెరువుకు పట్టుచీర కట్టినావే! కొంగు యాడ?"

నాకు నవ్వు రాలేదు. తర్వాతి అమావాస్యకు గడులు మానేశాను, నీలం పలచన చేశాను. అయినా చీరే. ఆ పై నెలా అంతే. వెళ్లిన ప్రతిసారీ నీళ్లు బండకు ఇంకాస్త దూరం జరిగి ఉండేవి.

"ఉగాది దాటితే ఈడ బురదే," అంది అవ్వ. "తొందరగా గీసుకో."

ఉగాది ముందు రోజు కొత్త అమావాస్య. ఇల్లు కడగడం, పండుగ సరుకులు తేవడం రెండు రోజుల ముందే ముగించి తొలి బస్సు పట్టుకున్నాను. చెరువు నడుమ మిగిలిన నీళ్ల మీద ఎండ పడుతోంది. కుంచె ముంచబోతే అవ్వ కర్ర చాచి చూపింది.

"ఆ మెరిసేకాడ చూడు పాపా. ఆడ నీలముందా? ఏ రంగూ లేదే. లేనిదాన్ని యాడనుంచి తెచ్చి పూస్తాండావు?"

చూశాను. నిజంగానే లేదు. నింపే అలవాటుతో ఆ చోటును నేను ఎప్పుడూ సరిగా చూడనేలేదు.

చుట్టూ నీలం, అంచున బురద రంగు, వెనక పెనుకొండ కొండ వేశాను. మెరుపు ఉన్నచోట కాగితాన్ని తెల్లగా వదిలేశాను. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. రెండుసార్లు ఆ తెలుపు మీదికి పోయింది. రెండోసారి కుంచె పక్కన పెట్టేసి, తడి ఆరేదాకా కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆరాక అవ్వకు చూపించాను.

"ఈ తూరి నీళ్లే," అంది. "కొండ మాత్రం బెల్లంగడ్డ మాదిరుండాది."

అదీ నిజమే. కానీ కొండ ఎండిపోదు. వచ్చే అమావాస్యకు దాని పని పడతానని చెప్పి, బస్సు కోసం రోడ్డు దాకా నడిచాను.